తెరకి పట్టని అక్షరాలు

ఆవిడని కంప్యూటరు క్లబ్బులో అందరూ గళ్ళక్క అనేవాళ్ళు. బట్టల మిల్లులో ఆవిడ ఉద్యోగం దుప్పట్ల అంచులకి గళ్ళ కాగితం మీద డిజైన్లు దించడం. ఏ గడి నల్లగా ఉండాలో, ఏ గడి ఖాళీగా ఉండాలో పొద్దస్తమానం నింపుతూ కూర్చునే మనిషికి, ఇంట్లోనే కంప్యూటరు తయారు చేసుకోవచ్చట అని ఎవరో చెవిన వేశారు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

అప్పట్లో ఇంటి కంప్యూటరంటే అట్టపెట్టెలో విడి భాగాలు వచ్చేవి. టంకం మనమే పెట్టుకోవాలి. గళ్ళక్క ఆ పని భోజనాల బల్ల మీదే కానిచ్చేసి, బల్లకి ఒక కాలిన మచ్చ, ఇంటికి ఒక కంప్యూటరు సంపాదించింది. అది చూడ్డానికి పుస్తకమంత ఉండేది. దానికి సొంత తెర లేదు, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క టీవీకి తగిలించాలి. రాసిన ప్రోగ్రాము దాచుకోవాలంటే టేపు రికార్డరులో క్యాసెట్టు మీదకి ఎక్కించాలి. మళ్ళీ వినిపిస్తే గాలి పట్టిన కుళాయిలా కీచుమనేది. జ్ఞాపకశక్తి బొత్తిగా అంతంతమాత్రం. అది చాలక వెనకాల ఒక మెమరీ డబ్బా తగిలించింది. ఆ డబ్బా కాస్త వదులు. బల్లకి ఎవరి మోకాలు తగిలినా డబ్బా కదిలేది. అది కదిలిందంటే సాయంత్రమంతా కూర్చుని కొట్టిన ప్రోగ్రాము మాయమైపోయేది. రబ్బరు బ్యాండ్లు చుట్టినా లాభం లేకపోయింది. దాంతో ఇంట్లో కొత్త చట్టం వచ్చింది, కంప్యూటరు నడుస్తున్నంతసేపూ అందరూ పిల్లిలా నడవాలి.

ఆ చట్టాన్ని అత్తగారు ఖాతరు చేస్తే కదా!

అత్తగారు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఆవిడ కళ్ళు కప్పి ఒక్క కామా కూడా బయటికి పోయేది కాదని పేరు. అలాంటావిడ రెండేళ్ళుగా పేపరు ముట్టుకోవడం మానేసింది. “ఏముంది అందులో? అన్నీ అచ్చుతప్పులే. చూస్తే ఒళ్ళు మండుతుంది” అనేది. పేపరు పోయి టీవీ వచ్చింది. కుర్చీ లాక్కుని తెరకి జానెడు దూరంలో కూర్చునేది. “ఈ వయసులో అమ్మకి టీవీ పిచ్చి పట్టింది” అని కొడుకు నవ్వేవాడు. ఆయనకి మందుల షాపు. కంట్లో చుక్కలు కావాలని తల్లి అడిగితే తెచ్చిచ్చేవాడు గానీ, ఎందుకమ్మా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తల్లికీ పెళ్ళానికీ మాటామాటా పెరిగితే షాపులో పనుందంటూ జారుకునేవాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

ఉన్న టీవీ ఒక్కటి, కావాలనేవాళ్ళు ఇద్దరు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టేది, ప్రోగ్రాము పోయేది. “అయ్యో, తగిలిందా?” అనేది తీరిగ్గా. గళ్ళక్క పళ్ళు నూరుకుని మళ్ళీ మొదటి వరస నుంచి కొట్టుకునేది.

చివరికి ఒకరోజు అత్తగారు తేల్చి చెప్పేసింది. “ఊళ్ళో లైబ్రరీలో మీ క్లబ్బు ప్రదర్శన పెడుతోందిగా, అప్పటిదాకా ఓపిక పడతా. ఈలోపు దాంతో ఈ ఇంటికి పనికొచ్చే పని ఒక్కటంటే ఒక్కటి చేయించి చూపించు. లేదా అది అటకెక్కుతుంది, నా టీవీ నాకొస్తుంది.”

గళ్ళక్క సరేనంది. వంటింట్లో ఏ సరుకు ఎంతుందో చెప్పే ప్రోగ్రాము రాసింది.

“పంచదార అయిపోయిందని మూత తీస్తే తెలుస్తుంది. దానికి కరెంటెందుకు దండగ?” అని అత్తగారు తీసిపారేసింది. అందులో అబద్ధమేమీ లేదు.

కానీ లోపల గుబులు పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ ఎవరో చెప్పిన డిజైనే గీస్తూ వచ్చిన మనిషి ఆవిడ. తన బుర్రలో పుట్టింది తన చేత్తో తెర మీద కదలడం ఈ మిషను దగ్గరే మొదటిసారి చూసింది. అది అటకెక్కుతుందనుకుంటే నిజంగానే ఏడుపొచ్చేది.

ప్రదర్శనకని ఆవిడ తలకెత్తుకున్న పని వేరే ఉంది. మిషనుకి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ రావు. మన తెలుగువి రప్పించాలని ఆవిడ పంతం. మిషనుకి తెలిసినవన్నీ గళ్ళు, మన అక్షరాలన్నీ గుండ్రాలు. పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము, ఇన్ని కలిసి ఒక ఇంగ్లీషు అక్షరమంత గడిలో ఎక్కడ ఇముడుతాయి? నాలుగేసి గళ్ళు కలిపి ఒక్కో అక్షరాన్నీ గళ్ళ కాగితం మీద గీసింది, దుప్పటి అంచు గీసినట్టే. అవి మరీ చిన్నగా కనిపిస్తున్నాయని రెండింతలు చేసే వరస ఒకటి ప్రోగ్రాములో చేర్చింది.

సెలవు రోజు మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. పరీక్షించడానికి ఏదో ఒక మాట కావాలి. ఆ పొద్దున్నే అత్తగారి గ్లాసు మళ్ళీ ఠపీమంది, ముందురోజు కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరై, మళ్ళీ మొదట్నుంచీ కొట్టుకోవలసి వచ్చింది. ఆ కడుపుమంటలో గళ్ళక్క వేళ్ళకి తోచిన మాట కొట్టేసింది: మా అత్త గయ్యాళి. అత్తగారు గది ఆ చివర కిటికీ పక్కన బట్టలు మడతపెడుతోంది. పేపరే ముట్టని మనిషి, ఇది చదువుతుందా ఏమిటి అనే ధీమా.

ప్రోగ్రాము నడిపింది. వరసగా రావలసిన అక్షరాలు రాలేదు. ‘మా’ ఒక్కటే తెరంతా పరుచుకుంది. కాసేపటికి అది పోయి ‘అ’ వచ్చింది, అదీ తెరంతా. రెండింతలు చేసే వరస పొరపాటున రెండు చోట్ల రాసేసింది మరి. అక్షరం నాలుగింతలై కూర్చుంది. గళ్ళక్క నాలుక కరుచుకుని, తప్పెక్కడుందా అని కాగితాలు తిరగేస్తోంది.

“మా...” అని వెనక నుంచి వినపడింది.

గళ్ళక్క గిరుక్కున వెనక్కి తిరిగింది.

“అ... త్త...”

ప్లగ్గు పీకేద్దామని చెయ్యి చాపింది గానీ, ఆ గొంతులో కోపం లేదు. బడిలో చేరిన కొత్తలో పిల్లలు కూడబలుక్కుంటారే, అలా ఉంది.

“గ... య్యా... ళి.” అని, మొత్తం కలిపి చదివింది అత్తగారు. “మా అత్త గయ్యాళి.”

“అత్తయ్యా, అది ఊరికే... పరీక్షకని...”

“నోర్మూసుకుని మళ్ళీ తిప్పు.”

మళ్ళీ తిప్పింది. అత్తగారు మళ్ళీ చదివింది. ఇంకోసారి అంది. ఆ మూడోసారి ‘ళి’ దాకా వచ్చేసరికి ఆవిడ చేతిలో మడత సగంలోనే ఉండిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

“చదవగలుగుతున్నానే అమ్మాయ్,” అంది. “పేపరు తీస్తే మధ్యలో అంతా మసకే. చుట్టూ కాగితం కనపడుతుంది, అక్షరం కనపడదు. ప్రూఫులు దిద్ది బతికిన దాన్ని, కళ్ళు పోతున్నాయని ఏ నోటితో చెప్పను?”

అత్తగారు జానెడు దూరంలో కూర్చుని టీవీ ఎందుకు చూసేదో, గ్లాసు అంత గట్టిగా ఎందుకు తగిలేదో గళ్ళక్కకి అప్పటికి గానీ తట్టలేదు. అన్నిసార్లూ కాదులెండి, కొన్నిసార్లు కావాలనే కొట్టేది. ఆ మాట తర్వాత అత్తగారే ఒప్పుకుంది.

“ఆ ‘ళి’ మీద గుడి పక్కకి ఒరిగింది, సరిచెయ్యి,” అని కళ్ళు తుడుచుకుంది అత్తగారు.

కొడుకు ఆ సాయంత్రమే షాపు మూసి తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తించాడు. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు అన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని అత్తగారు ఇద్దరి దగ్గరా ఒట్టు వేయించుకుంది. రెండింతల పొరపాటుని గళ్ళక్క అలాగే ఉంచేసింది. రోజూ మిల్లు నుంచి రాగానే పేపర్లో నాలుగు ముక్కలు మిషనులోకి కొట్టేది, అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి దర్జాగా చదువుకునేది. టీవీ మళ్ళీ అత్తగారిదే అయింది. పైగా కొడుకు గుమ్మంలో అడుగుపెడితే చాలు, “ఒరే, ఏమిట్రా ఆ ఏనుగు నడక? డబ్బా కదులుతుంది!” అని కేకలు.

ప్రదర్శన రోజు లైబ్రరీ హాలు నిండిపోయింది. ఒకరి మిషను తెర మీద బంతిని ఎగరేస్తోంది, ఇంకొకరిది బల్బు వెలిగించి ఆర్పుతోంది. గళ్ళక్క ‘స్వాగతం’ అని మర్యాదగా పెట్టుకుంది. క్లబ్బు పెద్ద, రేడియో మెకానిక్కు, కాసేపు చూసి పెదవి విరిచాడు.

“గళ్ళక్కా, మన అక్షరాలు రప్పించావు, బాగుంది. కానీ తెరకి ఒక్క అక్షరమేంటి? ఒక మాట చదివేలోపు తెల్లారుతుంది. ఇంత పెద్దవి ఎవరిక్కావాలి?”

గళ్ళక్క తలొంచుకుంది. కావలసిన మనిషి ముందు వరసలోనే కూర్చుని ఉంది, కానీ ఒట్టు ఒట్టే.

“అమ్మాయ్, అది పెట్టు,” అంది అత్తగారు.

“ఏది అత్తయ్యా?”

“ఏదో తెలీనట్టు! ఆ మొదటి రోజుది, నువ్వు దాచిన క్యాసెట్టు. సంచీలో వేసి తెచ్చాను.”

క్యాసెట్టు కీచుమంది. తెర మీద ఒక్కో అక్షరమూ లేచింది. హాలంతా వినపడేలా అత్తగారు చదివింది, “మా, అత్త, గయ్యాళి!” జనం గొల్లుమన్నారు. ఆవిడ నవ్వు ఆగేదాకా ఆగి లేచి నిలబడింది.

“నాకు కళ్ళు కనపడవు,” అంది. “రెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచాను. ఆ రెండేళ్ళలో నేను చదివిన మొదటి మాట ఇదే. మా కోడలు రాసింది.”

గళ్ళక్క అత్తగారి దగ్గరికి పోదామని ఒక్క ఉదుటున లేచింది. మోకాలు బల్లకి తగిలింది. డబ్బా కదిలింది, తెర ఖాళీ అయిపోయింది.

“పిల్లిలా నడవాలని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!” అని, అత్తగారు చెయ్యి చాపి కోడల్ని దగ్గరికి లాక్కుంది.