మట్టి కనపడని వీధి

ఘాజియాబాద్‌లో ఆ కాలనీకి వచ్చిన కొత్తలో నాగమల్లేశ్వరికి ఒళ్ళు మండిపోయేది వీధిలో బురద చూస్తేనే. భర్త వీరరాఘవులు ఢిల్లీలో సెక్షన్ ఆఫీసరు. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. ఇల్లూ వీధీ ఆవిడ రాజ్యమే. తెనాలి మనిషి, నోరు గట్టిది. హిందీ వచ్చీరాని రోజుల్లోనే కూరల బండి వాళ్ళని దారికి తెచ్చుకుంది. రెండువేల ఐదు వర్షాల్లో కూతురు నేహా స్కూలు రిక్షా దిగుతూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఇక ఈ వీధిలో మట్టన్నది కనపడకూడదని ఆ రోజే అనుకుంది.

కాలనీ సంఘంలో చేరింది. అధ్యక్షుడు త్యాగీజీని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి రోడ్డు మంజూరు చేయించింది. కొలతలకి వచ్చిన ఇంజినీరు మల్లికార్జున మనవాడే, కర్నూలు వైపు. టీ తాగుతూ కాగితం మీద గీసి చూపించాడు.

"నడుమ సిమెంటు వేస్తాం మేడమ్. రెండు పక్కలా చెట్ల వరస మాత్రం మట్టిగానే వదిలేద్దాం, కొంచెం పల్లంగా. ఎండలు ఏటేటా ముదురుతుండాయి. వాన పడితే ఒక్కసారే కుమ్మరిస్తాంది. నీళ్ళు నేలలోకి దిగేదానికి దోవ ఉండల్ల."

"పల్లంగానా? అంటే మళ్ళీ బురదేగా!" అంది నాగమల్లేశ్వరి. "మా పిల్ల చెయ్యి ఇప్పటికీ నిటారుగా చాపలేదండీ. గోడ నుంచి గోడ దాకా వేయించండి."

"బిల్‌కుల్ సహీ," అని వంతపాడాడు త్యాగీజీ. ఆయనకి రెండో కారు పెట్టుకోవడానికి చోటు కావాలి. సంఘమంతా చేతులెత్తింది. మల్లికార్జున కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చెట్ల మొదళ్ళకి ఆనించి మరీ సిమెంటు పోశారు. దీపావళికి అందరూ కలిసి ఆవిడ మెళ్ళో దండ వేశారు. ఆ రాత్రి ఆవిడకి సంతోషంతో నిద్రపట్టలేదు.

మొదటి ఎండాకాలం ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడు తేడా తెలిసింది. పొద్దు వాలినా వీధి చల్లబడేది కాదు. కూలరు వేస్తే వేడిగాలే కొట్టేది. గుమ్మంలో పడుకునే కుక్కలు ఎటో వెళ్ళిపోయాయి. వీధి చివర బోరింగు కొడితే ముందు ఇసక, తరవాత ఒట్టి గాలి. "మమ్మీ, సడక్ హిల్ రహీ హై," అంది నేహా కిటికీలోంచి చూస్తూ. నిజమే, ఎండలో రోడ్డు కదులుతున్నట్టే ఉంది.

వీధిలో ఉన్న పెద్ద నేరేడు చెట్టు చిటారు కొమ్మలు ఎండడం మొదలైంది. మే నెల దుమ్ముగాలికి ఒక సాయంత్రం అది నిలువునా పడిపోయింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు. పగిలిన సిమెంటు సందులోకి నాగమల్లేశ్వరి వంగి చూసింది. అంత చెట్టుకీ వేళ్ళు గుప్పెడే మిగిలాయి. మట్టి చేత్తో తీస్తే పొయ్యిలో బూడిదలా జారిపోయింది. వంట చేస్తున్నా, బట్టలారేస్తున్నా ఆ గొయ్యే కళ్ళ ముందు ఆడింది. త్యాగీజీ మాత్రం "చలో, ఇంకో కారుకి చోటు దొరికింది," అన్నాడు.

ఆ ఏడే ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆకాశం ఇటుకరంగుకి తిరిగి, వాన విరుచుకుపడింది. చూస్తుండగానే వీధి కాలవైపోయింది. ఎక్కడా ఒక్క చుక్క ఇంకే చోటు లేదు. నీళ్ళన్నీ పల్లానికి, చివరింటికి పరుగెత్తాయి. ఆ ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన కాంతమ్మగారు ఒక్కతే ఉంటుంది, కోడలు మైథిలి నోయిడాలో ఉద్యోగానికి వెళ్ళాక.

నాగమల్లేశ్వరి చీర ఎగదోపుకుని నీళ్ళలో పడి వెళ్ళింది. తలుపు నెడితే అవతల నుంచి ఎవరో అదిమి పట్టినట్టుంది. ఇస్త్రీ బండి భయ్యా వచ్చి భుజం ఆనిస్తే గానీ తెరుచుకోలేదు. లోపల చీకటి. మంచం పట్టెల దాకా నీళ్ళు.

"ఎవరే అది, మల్లీ?" కాంతమ్మగారి గొంతు మెల్లగా వినపడింది. "ఇందాకట్నుంచీ నా మంచం కింద ఎవరో తిరుగుతున్నారే."

"ఎవరూ లేరు పిన్నిగారూ, నేనే," అంది నాగమల్లేశ్వరి. ఆ మాట నోట్లోంచి వచ్చాకే దాని ఇంకో అర్థం తనకి తట్టింది.

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి మేడమీదికి మోసుకెళ్ళారు. నిమ్ము చేరి ఆసుపత్రిలో చాలా రోజులుండి బతికింది గానీ, ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. మూడో అంతస్తులో ఫ్లాటు చూసుకుని సామాను తీసుకెళ్తూ మైథిలి చేతులు పట్టుకుంది. "మీరు లేకపోతే మా అత్తయ్య దక్కేది కాదు ఆంటీ." నాగమల్లేశ్వరి చేతులు వెనక్కి లాక్కుంది.

మర్నాడే మల్లికార్జునకి ఫోన్ చేసింది. "ఆ పక్కల సిమెంటు తీయించడానికి వీలవుతుందాండీ?"

"వీలే మేడమ్. సంఘం ఒప్పుకోవల్ల."

సంఘం ఒప్పుకోలేదు. కార్లెక్కడ పెట్టాలన్నారు. ఆవిడ తన గుమ్మం ముందు వేపచెట్టు చుట్టూ మాత్రం పగలగొట్టించింది. చుట్టుపక్కల వాళ్ళు ఆ గోతిని చూసి తల తిప్పుకు పోయేవాళ్ళు. వేప ఆ చలికాలం గడిచాక చిగురేసింది. వీధిలో మిగతా చెట్లలో ఒక్కటీ వేయలేదు.

ఏడాది తిరక్కుండా పక్క వీధి వాళ్ళు వచ్చారు. వాళ్ళకీ రోడ్డు మంజూరైందిట. కొబ్బరికాయ ఆవిడే కొట్టాలిట. వెళ్ళింది. కాయ కొట్టకుండా, తన వీధిలో ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పింది. చెట్ల పక్కన కాస్త నేల వదలమని బతిమాలింది.

అందరూ మర్యాదగానే విన్నారు. చివరికి ఒకావిడ లేచింది. "దీదీ, మీ వీధి బాగుపడొచ్చు గానీ మాది పడకూడదా?"

ఎవరో నాగమల్లేశ్వరి చేతిలోంచి కాయ తీసుకుని కొట్టేశారు. సిమెంటు కలిపే యంత్రం తిరగడం మొదలైంది. ఆ వీధి వాలు ఎటుందో ఆవిడ అప్పుడే గమనించింది. అది నేరుగా తమ వీధిలోకే దిగుతోంది.