అనసూయమ్మ నుదురు

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో ఉమాకాంత్ గది. గోడల నిండా చిరుతలు, దుప్పులు. చూసి మెచ్చుకునేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. ఆకలి ఉంటేనే కళ పండుతుందనే మాట కడుపు నిండినవాళ్లు పుట్టించి ఉంటారు. ఉమాకాంత్ మాత్రం అడిగినవాళ్లకు మనుషుల బొమ్మలు వేసి బతుకుతున్నాడు.

అతనికో పద్ధతి ఉంది. జూపార్కులో చిరుత ముందు గంటలకొద్దీ ఊరికే కూర్చుంటాడు. అది తనను మరిచిపోయాకే పుస్తకం తెరుస్తాడు. మనుషుల దగ్గర ఈ ఎత్తు పారదు. బొమ్మకు కూర్చున్న మనిషి కడుపు లోపలికి పీలుస్తాడు, గడ్డం ఎత్తుతాడు, బొమ్మను ఒక్క క్షణం కూడా మరిచిపోడు.

మరిచిపోయింది అనసూయమ్మ ఒక్కతే.

డెబ్బై ఆరేళ్ల మనిషి. అశోక్‌నగర్ నుంచి ఆటోలో వచ్చేది. భర్త పోయి ఇరవై రెండేళ్లు. రెండోసారి వచ్చినప్పుడు తలుపు దగ్గరగా వేయమని, సంచిలోంచి స్టిక్కర్ల అట్ట తీసింది. అద్దంలో చూసుకుంటూ రూపాయి బిళ్లంత ఎర్రబొట్టు పెట్టుకుంది.

"ఎట్లున్న బిడ్డా?"

"మంచిగున్నవమ్మా."

"మొహమాటానికి చెప్పకు. ఆ చిరుతపులికైతే గట్లనే చెప్తవా?"

ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారని హిమాయత్‌నగర్‌లో కాఫీ తాగుతూ అనుకోవచ్చు. ఆమె ఇంట్లో పట్టించుకుంటారు.

"మా కొడుకు కిషన్ ఏమనడు. ఊకె చూస్తడు. ఆ చూసుడే ఓర్సుకోలేను. నేను పోయినంక గోడకుంటది కద, అప్పుడెవడు తుడుస్తడు?" అని నవ్వింది. ఆ నవ్వులో ఆమె అతన్ని మరిచిపోయింది. ఉమాకాంత్ ఆ ముఖాన్నే పట్టుకున్నాడు.

వెళ్తూ బొట్టు తీసి అద్దానికి అంటించింది, మళ్లీ వస్తానని. రాలేదు. బొమ్మ సంగతి ఇంట్లో చెప్పింది గానీ బొట్టు సంగతి చెప్పలేదు. ఆమె పోయిన తొమ్మిదో రోజు కొడుకు కిషన్ రావు వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. బొమ్మ ముందు నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇది? అమ్మకు బొట్టేంది?"

"ఆమెనే పెట్టుకున్నది సార్..."

"ఎక్కడ? ఈడనా?"

కిషన్ రావు తలుపును చూశాడు, గడియను చూశాడు. చూపు అద్దం దాకా పోయి, దానిమీది స్టిక్కర్ దగ్గర ఆగింది. "మా అమ్మ ఈడికొచ్చి, బొట్టు పెట్టుకొని కూసున్నదా?"

నిజం చెబితే బొట్టు మిగులుతుందేమో, అనసూయమ్మ మిగలదు. ఆ చూపే ఓర్చుకోలేనంది ఆమె.

"కాదు సార్. నేనే పెట్టిన. నుదురు బోసిగ కనపడితె అలవాటుల చెయ్యి పోయింది. నాదే గల్తీ."

"గట్లనుండ్రి! పరేషాన్ చేసిండ్రు కద. ఎల్లుండి చుట్టాలందరు వస్తరు. జర తీసేయండి, కూసుంట."

ఉమాకాంత్ చర్మపు రంగు కలిపాడు. నాలుగు గీతల్లో బొట్టు పోయింది. కానీ ఆ కళ్లు బొట్టు పెట్టుకున్న మనిషివి. అది పోయాక ఎవరినో ఎగతాళి చేస్తున్నట్టున్నాయి. వాటినీ కాస్త దించాడు. పెదవి చివరి వంపునూ దించాడు. చిరుత మీసాన్ని ఎవరూ సవరించమనరు.

కిషన్ రావు లేచి దగ్గరికొచ్చాడు.

"ఇగో, ఇప్పుడున్నది మా అమ్మ. అచ్చం గిట్లనే ఉంటుండె."

బొమ్మను ఇద్దరూ చెరోపక్క పట్టుకుని ఆటో దాకా మోశారు. కిషన్ రావు లోపల కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నుదురు ఇంకా పచ్చిగున్నది సార్," అన్నాడు ఉమాకాంత్. "చెయ్యి తగలనియ్యకండి."