ఎవరూ చనిపోని ఇంట్లో జపం

నాంగ్ తాస్యాకి భయాలు చాలా ఉండేవి. ఉరుమంటే భయం, మోటారుసైకిలు చప్పుడంటే భయం, చెరకుతోటలో పామంటే భయం, ఆ తోట యజమాని పేరు పైకి అనాలన్నా భయమే. ఒక్క చావంటే మాత్రం ఉండేది కాదు. నీగ్రోస్ దీవిలో, ఆ చెరకుతోటల మధ్య ఎవరింట్లో మనిషి పోయినా ముందు కబురు వెళ్ళేది ఆమెకే. కలుపు తీస్తున్న కత్తిని గట్టున పెట్టి, చేతులు కడుక్కుని, తలమీద నల్లగుడ్డ వేసుకుని బయల్దేరేది. శవం ముందు కూర్చుని జపమాల చేతిలోకి తీసుకుందంటే ఆ వణుకులన్నీ ఎటు పోయేవో, గొంతు ఖంగుమని మోగేది. మనిషి పోయాక తొమ్మిది రోజులు ఆ ఇంట్లో సాయంత్రం పూట జపం చెప్పించాలి, అదీ ఆమె పనే. నాంగ్ అంటే అక్క. తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. ఎప్పుడో ఒకప్పుడు తమకీ ఆమె అవసరం పడుతుందని వాళ్ళకి తెలుసు మరి.

మొగుడు చెరకు లారీ కింద పడి పోయాక, కలుపు కూలి మీదే కూతురు వెనాను పెంచింది. వెనా పెద్దదై సెబూ పట్నం వెళ్ళి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. అక్కడ కూలి పెంచమని అడిగిన గుంపులో ముందు నిలబడిందట. ఇంకేముంది, ఇంటికి పంపేశారు. వచ్చిన పిల్ల ఊరుకుందా? తోట నుంచి తోటకి తిరిగి కూలివాళ్ళని కూర్చోబెట్టి చట్టం ఏం చెబుతుందో వివరించడం మొదలుపెట్టింది. ఎకరానికింతని గుత్తకిచ్చి చేయించుకుంటే చట్టం చెప్పిన కూలి దక్కుతుందా, పింఛనుకని కోసుకున్న సొమ్ము సర్కారుకి చేరిందా, పిల్లల చేత కలుపు తీయించవచ్చా, ఇవీ ఆమె చెప్పే మాటలు. అన్నీ చట్టంలో అచ్చేసి ఉన్నవే. అచ్చేసిన మాటని గుసగుసగా చెప్పుకోవలసిన ఖర్మ ఎందుకో, ఆ చట్టం రాసినవాళ్ళనే అడగాలి.

గుసగుసగానే చెప్పాలి, ఎందుకంటే పక్క తోటలో ఒకాయన తన వాకిట్లోనే ఇలాంటి సమావేశం పెట్టాడు. కొన్నాళ్ళకి దుకాణంలో ఎండుచేపలు కొంటుండగా మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు కాల్చేసి వెళ్ళిపోయారు. అతనికి తొమ్మిది రోజుల జపం చెప్పింది తాస్యానే. ఆ జపానికి వచ్చినవాళ్ళకంటే రానివాళ్ళే ఎక్కువ. ఆ తర్వాత ఊళ్ళో నలుగురు ఒకచోట నిలబడితే చాలు, తోట కాపలావాళ్ళు వచ్చి ఏమిటని అడిగేవారు. ఒక్క జపం దగ్గరే అడిగేవారు కాదు.

ఈ సంగతి వెనాకి తట్టింది. “అమ్మా, నీ జపానికి ఎవరూ అడ్డు రారు. మనింట్లో తొమ్మిది రోజులు పెట్టు. ముందు నువ్వు జపం చెప్పు, తర్వాత నేను మాట్లాడతాను” అంది.

“ఎవరు పోయారని పెట్టనే?”

“నాన్న తరపు అత్తయ్య ఒకావిడ మిందనావో దీవిలో పోయిందని చెబుదాం. అంత దూరం వెళ్ళి ఎవరు చూసొస్తారు?”

“లేని మనిషికి జపం పెడితే చావు ఊరుకోదే. పిలిచారు కదా అని వస్తుంది. వచ్చాక ఖాళీ చేతుల్తో పోదు.”

వెనా నవ్వేసింది. తాస్యాకి నవ్వు రాలేదు. వద్దంటే ఈ మొండిది చెరకు మధ్యలోకో, వాగు అవతలకో పోయి పెడుతుంది, అక్కడ ఏమైనా జరిగితే చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు. తన ఇంట్లో అయితే కళ్ళముందు ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరేనంది.

చెరకు కోతలు ముగిసి, పనులు లేక కడుపులు మాడే రోజులవి. వేయించిన మొక్కజొన్న కాఫీ, బిస్కెట్లు పెడతారంటే ఎవరు రారు? మొదటిరోజే ఇల్లు నిండింది. జపం అయ్యాక వెనా మధ్యలో కూర్చునేది. ఉపన్యాసం ఇచ్చేది కాదు, ఆట ఆడించేది. ఒకరు యజమాని, ఒకరు కాబో, అంటే కూలివాళ్ళ మీద పెత్తనం చేసే మేస్త్రీ, ఇంకొకరు కూలి అడగడానికి వచ్చిన మనిషి. తాస్యాతో పక్కపక్కనే ఏళ్ళ తరబడి కలుపు తీసిన లూసింగ్, యజమాని వేషం కట్టి చుట్ట కాలుస్తున్నట్టు పోజు పెడితే జనం పడీ పడీ నవ్వారు. నవ్వులకి ఎవరూ భయపడలేదు. జపం ఇంట్లో నవ్వులు వినపడితే మామూలే, అనుమానం వచ్చేది గుసగుసలకే. లూసింగ్ మొగుడు కులాస్ గుమ్మం మెట్టు మీద కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చునేవాడు. కొత్తవాళ్ళు కనిపిస్తే కాఫీ ఏదని గట్టిగా అరవాలి. ఆ అరుపు వినగానే లోపల కూలి లెక్కలు ఆగిపోయి, “దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము” మొదలవ్వాలి. అదీ ఏర్పాటు.

అంతా బాగానే ఉంది. బాగాలేనిది తాస్యా నాలుక ఒక్కటే.

జపమాలలో ప్రతి పది పూసలకీ చివర “పితకును, పుత్రునకును, పవిత్రాత్మకును మహిమ” అని చెబుతారు. చావు ఇంట్లో అలా చెప్పరు. అక్కడ “ప్రభువా, వీరికి నిత్య విశ్రాంతిని దయచేయండి” అనాలి. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. మొదటిరోజు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తాస్యా పూస పట్టుకుని ఆగింది. లేని మనిషికి విశ్రాంతి ఇమ్మని దేవుణ్ణి ఎలా అడుగుతుంది? ఆయన ఎవరికని అడిగితే? పక్కన చూస్తే కూతురు కూర్చుని ఉంది. నోరు తనంతట తానే మహిమ వైపు తిరిగింది. నాంగ్ ఏది చెబితే అదే కదా జనానికి, అందరూ దానికే బదులు పలికారు. మర్నాడూ అంతే. జపాలు ఎప్పుడో మరిచిపోయిన వెనాకి తేడా తెలియలేదు. లూసింగ్‌కి తెలిసింది గానీ నోరెత్తలేదు. దొంగ చావుకి దొంగ జపం చెప్పకపోవడమే మంచిదని ఆమెకీ అనిపించిందేమో.

అలా రోజులు గడిచి జపం సగం దాటింది. ఓ సాయంత్రం వెనా ఏదో అడుగుతుండగా బయట కులాస్ కాఫీ కోసం అరిచాడు. మళ్ళీ అరిచాడు. తాస్యా జపమాల అందుకుంది. మొదటి పూస పట్టుకునే లోపు గుమ్మంలో కాబో డెల్ఫిన్ టోపీ తీసి నిలబడ్డాడు.

డెల్ఫిన్‌ని పసివాడిగా ఉన్నప్పటినుంచి ఎరుగును ఆమె. కాబో అయ్యాక మాత్రం నువ్వు అనడం మానేసి మీరు అంటోంది. వాళ్ళమ్మ పోయినప్పుడు జపం చెప్పింది కూడా ఆమే. తొమ్మిది రోజులూ ఆ మనిషి మొదటి వరుసలో కూర్చుని, ఆఖరిరోజు ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఇప్పుడు వచ్చి మగవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తీసుకున్నాడు. వెనా ముసుగు ముందుకి లాక్కుని ఆడవాళ్ళ మధ్య తల దించుకుంది.

పది పూసలూ అయ్యాయి. తాస్యా అలవాటు కొద్దీ “పితకును, పుత్రునకును” అంది, ఇల్లంతా ఆమెతో పాటే అంది. ఆ గొంతుల మధ్య ఒకే ఒక మగ గొంతు “ప్రభువా, వీరికి నిత్య విశ్రాంతిని” అని మొదలై, అక్కడే ఆగిపోయింది.

ఆ గొంతు డెల్ఫిన్‌ది. ఇప్పుడు మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టు. మార్చకపోతే చచ్చినట్టు. రెండో పది నడుస్తున్నంతసేపూ ఏమనాలో తేల్చుకోలేక, తీరా ఆ మాట వచ్చేసరికి ఏమీ అనకుండా తర్వాతి పూసకి వెళ్ళిపోయింది. కొందరు మహిమ అన్నారు, కొందరు విశ్రాంతి అన్నారు, మిగతావాళ్ళు కాళ్ళవైపు చూసుకున్నారు. డెల్ఫిన్ మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. జపం ఎలా ముగిసిందో ఆమెకి తెలియదు.

అందరూ లేచాక అతను ఆమె దగ్గరికి వచ్చి, పెద్దలకి చేసినట్టే ఆమె చేయి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. చేయి వదలకుండానే మెల్లగా అన్నాడు.

“మా అమ్మకి మీరు నిత్య విశ్రాంతి ఒక్కటీ వదల్లేదు నాంగ్. ఈవిడకి ఒక్కటీ చెప్పలేదు.”

గొంతు ఇంకా తగ్గించాడు.

“ఆఖరిరోజు నాతో పాటు వేరేవాళ్ళొస్తారు. వాళ్ళలో ఒకడు ఫాదరు చదువు చదివి మానేసినవాడు, జపాలన్నీ వచ్చు. అప్పటికి ఈ ఇంట్లో చనిపోయినవాళ్ళెవరో ఒకరుండాలి.”

అని ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. బెదిరించాడో బతికించాడో ఆమెకి ఆరోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

వెనాని ఆ ఇంట్లో ఇంక ఉంచడానికి లేదు. తోట బయటికి పోయే దారి ఒక్కటే, దాని మీద కాపలా ఉంది. లూసింగే ఉపాయం చెప్పింది. కలుపుకి వెళ్ళే ఆడవాళ్ళు ఎండకి, చెరకు ఆకుల కోతకి తట్టుకోవడానికి మొహమంతా గుడ్డ చుట్టి, పైన టోపీ పెట్టుకుంటారు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. తెల్లారి పనికి బయల్దేరే గుంపులో వెనా లూసింగ్ చొక్కా తొడుక్కుని, కత్తి చేతబట్టి నడిచింది. తోట చివర రోడ్డు ఎక్కాలి, అంతే. వెళ్ళేముందు, “చేరగానే కబురు పంపిస్తానమ్మా, ఏడవకు, చూస్తున్నారు” అంది. తాస్యా ఏడవలేదు. గుమ్మంలో నిలబడి కాపలావాళ్ళ ముందు నుంచి ఆ వరుస సాగిపోతుంటే చూసింది. అందరూ ఒకేలా ఉన్నారు. ఏది తన కూతురో కూడా ఆమెకి తెలియలేదు.

ఆరోజు కబురు రాలేదు. మర్నాడూ రాలేదు. రోడ్డు మీద మోటారుసైకిలు పోయినప్పుడల్లా తాస్యా చెవులు మూసుకునేది. జపం ఆపేద్దామని ఊళ్ళోవాళ్ళు అన్నారు. మధ్యలో ఆపితే ఎవరూ చావలేదని మన నోటితో మనమే చెప్పినట్టవుతుందని ఆమె ఒప్పుకోలేదు. ఇక ఆటలు లేవు, లెక్కలు లేవు, ఉత్త జపమే. విశ్రాంతి మాటని ఆమె సగంలో వదిలేసేది, జనమే పూర్తిచేసేవారు.

ఆఖరిరోజు డెల్ఫిన్ వెంట ముగ్గురు వచ్చారు. అంత ఉక్కలోనూ ఒకడు కోటు విప్పలేదు. ఇంకొకడు ఎంతో మర్యాదగా ఫోన్‌లో వెనా ఫొటో చూపించి, అమ్మాయి ఎక్కడమ్మా అని అడిగాడు. సెబూలో పనిచేసుకుంటోందని చెప్పింది. ఫాదరు చదువు మానేసినవాడు వీడే కాబోలు, పోయినావిడ పేరేమిటని కూడా అడిగాడు. జపంలో వస్తుంది బాబూ, వినండి, అంది. వాళ్ళు కూర్చున్నారు. జపం మొదలైంది.

మొదటి పది పూసలు చెబుతున్నంతసేపూ ఆమె ఒక్కటే అనుకుంది. వీళ్ళు ఫొటో పట్టుకుని వెతుకుతున్నారంటే పిల్ల ఇంకా దొరకలేదన్నమాట. లేదా దొరికిందేమో, ఇది నాటకమేమో. ఇప్పుడు ఒక పేరు చెప్పాలి. గాల్లోంచి ఏదో పేరు తీసి చెబితే, ఆ పేరుగల మనిషి దొరక్క చావు ఈ ఇంట్లోనే తచ్చాడుతుంది, ఇంట్లో మనిషినే తీసుకుపోతుంది. ఆ ఇంటికి మిగిలిన మనుషులు ఇద్దరే.

పదో పూస అయింది. తాస్యా తల పైకెత్తింది. వణుకు లేదు. శవాల ముందు మోగే ఆ గొంతే మోగింది.

“ప్రభువా, మా అనస్తాస్యాకి నిత్య విశ్రాంతిని దయచేయండి.”

ఆ ముగ్గురికీ ఆమె ఉత్త తాస్యా. చర్చిలో పెట్టిన నిండు పేరు ఊళ్ళోవాళ్ళకి తప్ప తెలియదు. ఇల్లంతా బిగుసుకుపోయింది. బదులు పలకాలి, ఎవరి నోరూ పెగలడం లేదు. ఎదుట బతికున్న మనిషికి ఆ మాట ఎలా అంటారు? ఫాదరు చదువువాడు తల తిప్పి అందరినీ చూడడం మొదలుపెట్టాడు. అప్పుడు లూసింగ్ వెక్కిళ్ళ మధ్యనే, “నిత్య ప్రకాశము ఆమెపై ప్రకాశించునుగాక” అంది. వెనక మిగతా ఆడవాళ్ళు అన్నారు, మగవాళ్ళు అన్నారు, డెల్ఫిన్ కూడా అన్నాడు. ప్రతి పదికీ అదే పేరు, అదే బదులు. ఆఖరి పదికి వచ్చేసరికి ఇంట్లో ఏడవని ఆడది లేదు. అది దొంగ ఏడుపు కాదు. కోటువాడు కూడా టోపీ తీసి పక్కన పెట్టాడు. పోయినావిడ చాలా మంచి మనిషి అయి ఉంటుందని ఫాదరు చదువువాడు మెచ్చుకున్నాడు. పెట్టింది తిని నలుగురూ వెళ్ళిపోయారు.

కబురు ఆ తర్వాత వచ్చింది. వెనా సముద్రం దాటి ఇంకో దీవికి చేరిందట, అక్కడ ఎవరింట్లోనో జనాన్ని కూర్చోబెట్టి మళ్ళీ అవే మాటలు చెబుతోందట. తాస్యా విని తలూపింది, మొక్కుకోలేదు, నవ్వలేదు. కలుపు పనులు మొదలయ్యాయి. వరుసలో లూసింగ్ ఆమె పక్క సాలు ఎవరికీ వదిలేది కాదు. కాస్త ఆగి ఊపిరి పీల్చుకున్నా, ఏమైంది నాంగ్ అని కంగారుగా వంగి చూసేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“ఊళ్ళో ఇన్ని పేర్లుండగా నీ పేరే ఎందుకు చెప్పావు నాంగ్?”

తాస్యా కత్తి ఆపలేదు.

“నా దగ్గరున్నవి రెండే పేర్లు లూసింగ్. ఒకటి దానిది.”