మొక్కు కాని గుండు

కరీంనగర్‌లో కిరాయి గది కోసం వెళితే ఇంటామె నా బిడ్డ గుండు చూసి, "రాజన్నకు ఇచ్చిండ్రా?" అని అడిగింది. వేములవాడ రాజన్న గుడి దగ్గరే కదా, అక్కడ ఎవరి గుండు చూసినా మొక్కు చెల్లించి వచ్చారనే అనుకుంటారు. నేను నోరు తెరిచేలోపే, "మంచి పని జేసిండ్రు, రాండ్రి లోపలికి" అని గది తాళం చేతిలో పెట్టింది. నేను అబద్ధమాడలేదు. అడిగిందీ ఆమే, జవాబు చెప్పుకున్నదీ ఆమే. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

బిడ్డకు రక్త క్యాన్సర్. మందులకు జుట్టంతా ఊడిపోయింది. జ్వరమొస్తే గంటలోపు ఆసుపత్రిలో ఉండాలని డాక్టర్ చెప్పాడు. మాది జైనూర్ దగ్గరి పల్లె. జీపు నిండి ఉట్నూర్ చేరేసరికే ఆ గంట అయిపోతుంది, ఆసుపత్రి ఉన్న కరీంనగర్ ఇంకెంతో దూరం. మందు ఎక్కించాక మంచం ఖాళీ చేయమంటారు. మళ్లీ ఎక్కించేదాకా ఎక్కడుండాలో ఎవరూ చెప్పరు. అడిగితే కౌంటర్ దగ్గరి మనిషి తల ఎత్తకుండానే, "లాడ్జీలున్నయి గదమ్మా" అన్నాడు. బిడ్డకు బయటి తిండి పెట్టకూడదు, లాడ్జీలో పొయ్యి వెలిగించనివ్వరు. ఆ ఎత్తని తల నాకింకా గుర్తుంది.

ఒకరోజు నల్లా దగ్గర ఇంటామె బిడ్డ తల నిమిరింది. "ఇంక మొలుస్తలేవేందే? కనుబొమ్మలు గూడ ఇచ్చినవా రాజన్నకు?" అని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయి నా వైపు చూసింది. జబ్బు పేరు చెప్పాను.

"అంటేది కాదక్కా, కావాలంటె డాక్టర్‌నడుగు."

"అంటుడు గాదు. కిరాయిల్లు గిది. పోరికి ఏమన్నయితే నేను ఇల్లు మూసిపెట్టుకోవాలె. మల్ల ఎవలొస్తరు?"

బిడ్డ బిందె పక్కనే నిలబడి ఉంది.

"జర మెల్లగ అనక్కా."

ఆమె మెల్లగా అనలేదు. పొయ్యి మీద అన్నం సగమే ఉడికింది. ఉడికేదాకా కూడా ఆగనివ్వలేదు. ఆ గిన్నె పట్టుకునే రోడ్డు మీదికి వచ్చాం.

మార్కెట్ వెనక ఇంకో గది దొరికింది. అక్కడి ఇంటామె కూడా అదే అడిగింది. "రాజన్న మొక్కా, బిడ్డా?"

ఈసారి నా బిడ్డ స్కార్ఫు కళ్లదాకా లాక్కుని, "ఔ, రాజన్నకే ఇచ్చిన" అంది. నేను పక్కనే ఉన్నాను. చేయి చాచి తాళం తీసుకున్నాను.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే పెదవులు నా వేళ్లకు చుర్రుమన్నాయి. నుదురు కాలిపోతోంది.

"ఎప్పటిసంది ఉన్నదే జరం? చెప్పొద్దా నాకు?"

"చెప్తే గీ ఆమె గూడ ఎల్లగొడ్తది గదనే అవ్వా."

ఎత్తుకుని ఆటో ఎక్కాను. ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది అదే, జ్వరం ఎప్పుడు మొదలైందని. నాకు తెలియదు. తెలిసింది బిడ్డకే. బిడ్డ తలుపు దగ్గరున్న వాళ్ల మొహాలన్నీ ఒకసారి చూసింది. పళ్లు టకటక కొట్టుకుంటుండగా, "జరం లేదు సార్, మంచిగనే ఉన్న" అంది.