తెగిన కొస ఫోటో

మా ఆవిడ గిటారుకు తీగలు వేయడం నాకు చేతకాదని ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ తప్పంతా తీగలు తయారుచేసిన కంపెనీదే అని నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఉత్తరాలు రాశాను.

అప్పటికి ఆవిడ పోయి పది నెలలు. ఏడాది నిండే రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఉప్పుగూడలో మా ఇంటి ముందు గదిలోనే. చర్చివాళ్ళు వస్తారు, పాస్టరుగారు వాక్యం చెబుతారు, పాటలు పాడతారు, తర్వాత భోజనాలు. చర్చిలో ఇరవై ఆరేళ్ళు ఆదివారం పాటలకు గిటారు వాయించింది ఆవిడే. కూడికలో ఆ గిటారు మీదే, ఆవిడ ఎప్పుడూ మొదట ఎత్తుకునే పాట, ఆవిడ వాయించినట్టే వినిపించాలనుకున్నాను. నాకున్న కోరిక అదొక్కటే. వాయించడానికి మా బామ్మర్ది ఉన్నాడు. దగ్గర్లోనే జహనుమాలో ఉంటాడు, ఏసీలు బాగుచేస్తాడు, గిటారు అక్క దగ్గరే నేర్చుకున్నాడు. తీగలు తుప్పు పట్టాయని చూసి తనే మారుస్తానన్నాడు.

"నీకెందుకు బావా ఈ లొల్లి. నాకియ్యి. అరగంట పని. నువ్వు పుస్తకం సదువుకో."

చివరి మాట అనకపోతే ఇచ్చేవాణ్ణేమో.

ఆవిడ ఇంట్లో వాయించుకున్నన్నాళ్ళూ నేను పక్కగదిలో పుస్తకం చదువుకున్నాను. సంగీతం మాటకు అనవసరంగా నగలు పెట్టడం లాంటిదని ఒకసారి ఆవిడతోనే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, నగలు వద్దని చెప్పడానికి నేను వాడిన వాక్యమే కాస్త నగలు పెట్టుకున్నట్టుంది. ఆవిడ వాదించలేదు. "సరే, తలుపేస్కో" అంది. వేసుకున్నాను. ఆదివారాలు చర్చిలో మూడో బెంచీలో కూర్చుని, పాటల పుస్తకంలో అచ్చుతప్పులు వెతికేవాణ్ణి. అందువల్ల ఈ పనైనా నేనే చేయాలనిపించింది. ఆలస్యంగా వచ్చినవాడు గట్టిగా పనిచేసినట్టు కనబడాలి కదా.

కొత్త తీగల ప్యాకెట్టు కొన్నాను. సంగీతం తెలియదు కనుక ఒక పద్ధతి ఆలోచించాను. ఆవిడ ఫోనులో ఆ పాట రికార్డింగు ఉంది. పాటకు ముందు ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా మీటి చూసుకుంటుంది. ఏ శబ్దం ఏ స్వరమో ఇంగ్లీషు అక్షరాల్లో చూపించే యాప్ ఒకటి నా ఫోనులో వేసుకున్నాను. రికార్డింగు దానికి వినిపించి, వచ్చిన ఆరు అక్షరాలనూ కాగితం మీద పట్టిక గీసి రాసుకున్నాను. ఇక ఒక్కో తీగనూ ఆ అక్షరం కనబడేదాకా బిగించడమే. ఇంతకంటే శాస్త్రీయంగా ఎవరూ చేయలేరని కూడా అనుకున్నాను.

అన్నిటికంటే సన్నని మొదటి తీగ, అక్షరం ఇంకా కనబడకముందే టప్పుమని తెగి నా ముంజేతి మీద ఎర్రటి గీత పెట్టింది. ఇంకో ప్యాకెట్టు కొన్నాను. అదీ తెగింది. మూడోసారి వెళితే దుకాణం ఆయన నా చేతిని, తీగను మార్చి మార్చి చూశాడు.

"తారాఁ మే కుచ్ నై సాబ్. హాతాఁ మే హై."

తీగల్లో ఏమీ లేదు, చేతుల్లో ఉంది అని. అంత సూటిగా చెప్పినవాడి మాట నమ్మడం నాకు అలవాటు లేదు. ప్యాకెట్టు వెనక కంపెనీ ఈమెయిలు ఉంది. ఇంటికొచ్చి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఫిర్యాదుల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఫిర్యాదులు చేయడం కాదు, వాటికి జవాబులు రాయడం. జవాబులు మూడు రకాలు. మీ లేఖ అందినది. మీ విషయము పరిశీలనలో ఉన్నది. కింది పత్రము జతపరచవలెను. మూడోది అన్నిటికంటే బలమైనది. మనిషి ఏ పత్రం తెచ్చినా, తేని పత్రం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తేవడానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ రాలేదు. వాళ్ళ సమస్య తీరిపోయిందని నేను అనుకునేవాణ్ణి. అనుకోవడంలో ఇబ్బంది ఉండేది కాదు.

ఆ అనుభవమంతా పెట్టి అయిదు పేరాల ఉత్తరం రాశాను, అంకెలు వేసి. మొదట యంత్రం జవాబిచ్చింది: మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం. ఆ 'ఎంతో' అనే మాట మా ఆఫీసులో వాడేవాళ్ళం కాదు. మర్నాడు మనిషి రాసిన జవాబు వచ్చింది. తెగిన తీగ కొసలు రెండూ కనబడేలా ఒక ఫోటో పంపండి, ఏ స్వరాలకు బిగించారో కూడా తెలపండి.

నవ్వొచ్చింది. కింది పత్రము జతపరచవలెను! పాత ఆయుధం నా మీదకే వచ్చింది. తయారీలో లోపం ఉన్నప్పుడు రుజువు చూపే భారం కొన్నవాడి మీద వేయరాదని పేరా పేరాకూ జవాబు రాశాను. ఫోటో పంపలేదు. స్వరాల సంగతీ రాయలేదు. వాళ్ళు వాదించకుండా ఒక కొత్త సెట్టు కొరియర్లో పంపారు. లోపల చిన్న కాగితం: వీలైతే ఫోటో పంపండి.

ఆ సెట్టులో మొదటి తీగతోపాటు మూడోది కూడా తెగింది. ఈసారి ఇంకా గట్టిగా రాశాను. మేనేజింగ్ డైరెక్టరుకు నకలు అని పెట్టాను. ఆ ఈమెయిలు చిరునామా నేను ఊహించి కట్టింది, ఉత్తరం నిమిషంలో తిరిగొచ్చింది. కంపెనీ నుంచి మళ్ళీ అదే జవాబు, అంతే మర్యాదగా. కొస ఫోటో. స్వరాలు. ఇలా వాళ్ళు అడుగుతూ, నేను నిరాకరిస్తూ ఏడువారాలు గడిచాయి. వాళ్ళ ఓపిక చూసి నాకు అనుమానం ఇంకా పెరిగింది.

కూడిక ఇంకా తొమ్మిది రోజులుందనగా మా బామ్మర్ది వచ్చాడు. గిటారు బల్ల మీద నాలుగు తీగలతో పడి ఉంది.

"ఏమైంది బావా? గిటార్ తయారైందా, దావా తయారైందా?"

ఉత్తరాలన్నీ చూపించాను. ఫోనులో వేలితో పైకి జరుపుతూ ఓపిగ్గా చదివాడు. ఎంత చదివినా అయిపోవడం లేదని అతని ముఖం చెబుతోంది.

"ఫోటో పంపమన్నరు గదా. పంపలేదేంది?"

"అది వాళ్ళ ఎత్తు. నీకు తెల్వది."

"ఏం ఎత్తు? నీ ఫోటో అడిగిన్రా ఏంది? తీగ ఫోటో అడిగిన్రు." నవ్వాడు. "చూడు బావా, ఏసీల గ్యాసు లీకైతే నేను ఏడ లీకైతుందో చూస్త. గంతే. కూసొని కంపెనీకి శాపనార్థాలు రాయ."

తెగిన తీగలను నేను పారేయలేదు. సాక్ష్యం కనుక కవర్లో దాచాను. వాటిని తెల్లకాగితం మీద పరిచి ఫోటో తీసి, నేను వద్దంటుంటే నా ఈమెయిలు నుంచే పంపించేశాడు. గంట తిరక్కముందే ఫోను మోగింది. అవతల ఒక అమ్మాయి, మాటలు హిందీలో. గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"సర్, తీగ కొస సాగి సన్నబడి ఉంది. లోపం ఉన్న తీగ ఇలా తెగదు. మరీ బిగిస్తే ఇలా తెగుతుంది. ఏ స్వరాలకు బిగిస్తున్నారు?"

పట్టిక తీసి ఆరు అక్షరాలూ చదివాను, సమావేశంలో నివేదిక చదివినట్టు. ఆ అమ్మాయి వాటిని మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

"ఇవి ఎక్కడివి సర్?"

"మా ఆవిడ వాయించిన రికార్డింగులోవి."

"మేడమ్‌కు ఒకసారి ఫోనిస్తారా?"

"ఆమె లేదు."

"ఎప్పుడొస్తారు సర్? అప్పుడు చేస్తాను."

తప్పు ఆ అమ్మాయిది కాదు. లేదు అనే మాట నేనే అలా అన్నాను. ఆవిడ పోయిన దగ్గర్నుంచి అంతకంటే స్పష్టమైన మాట వాడకుండా తప్పించుకుంటున్నాను. సూటిగా రాయాలని అందరికీ చెప్పేవాణ్ణి. చనిపోయింది, రాబోయే వారానికి ఏడాది, అని చెప్పాను. మా ఇంటి వెనక రైలు వెళుతోంది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

ఆ అమ్మాయి ఓదార్పు మాటలు ఏమీ చెప్పలేదు. "ఆ రికార్డింగు పంపగలరా సర్?" అంది.

పంపాలనిపించలేదు. అది ఆవిడ గొంతు. కానీ కింది పత్రము జతపరచకపోతే ఏమవుతుందో రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాను. పంపాను. పావుగంటలో మళ్ళీ ఫోను.

"సర్, మేడమ్ క్యాపో పెట్టుకుని వాయిస్తున్నారు. నాలుగో ఫ్రెట్ మీద." నాకు అర్థం కాలేదని తెలిసి విడమరిచింది. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు గీతలు ఉంటాయి, వాటి మధ్య గడి ఫ్రెట్. అక్కడ ఒక క్లిప్పు పెడితే ఆరు తీగలనూ ఒకేసారి నొక్కిపడుతుంది. తీగలు మామూలుగానే ఉంటాయి, శబ్దం మాత్రం పైకి వెళుతుంది. "మీరు క్లిప్పు లేకుండా అంత పైకి తీగలనే బిగిస్తున్నారు. ఏ తీగైనా తెగుతుంది. స్ప్రింగుతో ఉండే క్లిప్పు సర్, లోపల నల్లటి రబ్బరు. ఇంట్లో ఎక్కడైనా చూశారా?"

చూశాను. వంటింట్లో ఉప్మారవ్వ ప్యాకెట్టు మూతికి ఉంది. గిటారు తల మీద పెట్టి ఉంటే నేనే తీసి తెచ్చాను. భలే గట్టిగా పట్టుకుంటుందని, ఇంత తెలివి నాకు ఎలా తట్టిందా అని సంతోషించాను కూడా.

ఇరవై ఆరేళ్ళు ఆదివారం ఆదివారం ఆ క్లిప్పు గిటారు మెడ మీద ఉంది. మూడో బెంచీ నుంచి గిటారు దూరం ఎంతో ఉండదు. పాటల పుస్తకంలో ఏ పేజీలో ఏ అక్షరం తప్పో ఇప్పటికీ చెప్పగలను.

"మొదటిసారే ఫోటో పంపి ఉంటే అయిపోయేది సర్," అంది ఆ అమ్మాయి. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "ఎందుకు పంపలేదు?"

"నన్ను వదిలించుకోవడానికి అడుగుతున్నారనుకున్నాను."

"అలా ఎవరైనా చేస్తారా సర్?"

"ఏమో," అన్నాను.

మళ్ళీ ఒక సెట్టు పంపుతామంది. వద్దు, ఈసారి తప్పు నాదని రాసిస్తానన్నాను. రాసివ్వడం ఎందుకు సర్ అని నవ్వింది. మామూలుగా బిగించాల్సిన ఆరు స్వరాలూ చెప్పింది. రాసుకున్నాను, పాత పట్టిక చింపి కొత్త పట్టికలో.

వద్దన్నా పంపిన ఆ సెట్టు కూడికకు రెండు రోజుల ముందు వచ్చింది. బామ్మర్దిని కూర్చోబెట్టుకుని నేనే వేశాను. ఏ తీగా తెగలేదు. క్లిప్పు సంగతి చెబితే అతను తల పట్టుకున్నాడు.

"అక్క క్యాపో పెడ్తదని నాకు తెల్వదా? నన్నొక్క మాట అడిగితే ఏం పోతుండె బావా? మేనేజింగ్ డైరెక్టర్ దాక పోయినవ్!"

"పోలేదు. తిరిగొచ్చింది."

కూడిక రోజు ముందు గది, వాకిలి నిండాయి. చర్చిలో ఆవిడ పక్కన పాడే ఆడవాళ్ళు చాప మీద ముందు కూర్చున్నారు. మగవాళ్ళం వెనక కుర్చీల్లో. పాస్టరుగారు ప్రార్థన చేసి, పాట అన్నారు. బామ్మర్ది గిటారు ఒళ్ళో పెట్టుకుని, క్లిప్పు చేతిలో పట్టుకుని ఆగాడు. నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"ఈ పాటకు ఏ ఫ్రెట్ మీద పెడుతుండె బావా అక్క? పాట పాటకు మారుస్తుండె. యాదికొస్తలేదు."

"నాలుగు."

"పక్కానా? నీకెట్ల తెలుసు?"

"కంపెనీ వాళ్ళు చెప్పిన్రు."

నన్ను ఒక్క క్షణం చూశాడు. నవ్వబోయి, ఎక్కడున్నామో గుర్తొచ్చి ఆపుకున్నాడు. నాలుగో ఫ్రెట్ మీద క్లిప్పు పెట్టి మొదలుపెట్టాడు. ఆ మొదటి మోత రికార్డింగులోదే. నేను ఒళ్ళో ఉన్న పాటల పుస్తకం తెరవలేదు.

ఆడవాళ్ళు సులువుగా అందుకున్నారు. ఆ ఎత్తు వాళ్ళ గొంతులకు కుదిరింది, వాళ్ళకోసమే ఆవిడ అక్కడ పెట్టి ఉంటుంది. మగవాళ్ళకు మాత్రం మొదటి చరణంలోనే ఊపిరి చాల్లేదు. ఒకాయన కిందికి దిగి పాడబోయి దగ్గాడు. నేను ఎన్నడూ గట్టిగా పాడినవాణ్ణి కాదు. ఆ రోజు ప్రయత్నించాను. వచ్చిన శబ్దానికి ముందున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది.

చరణం అయ్యాక వాయిస్తూనే బామ్మర్ది మళ్ళీ వంగాడు.

"మస్తు పైకున్నది బావా. మనకు అందుతలేదు. రెండు ఫ్రెట్లు దించుదునా?"

"దించకు," అన్నాను.

మిగిలిన మూడు చరణాలూ ఆడవాళ్ళే పాడారు. మేమంతా వెనక కుర్చీల్లో పెదవులు కదిపాం.