అత్త డాక్టరుని అడిగిన మాట

మా మేనత్త పోయిందని పోయిన వారం పొద్దున్నే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. టీ తాగుతూ గుండె పట్టుకుని కూలబడిందట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. నాకు ఏడుపు రాలేదు. "ఎవరు చూశారు? డాక్టర్ చూసే చెప్పాడా?" అని అడిగాను. అవతల నా మరదలు, "అచ్చం అమ్మలాగే అడుగుతన్నావు వదినా," అని భోరుమంది.

అత్త దేన్నీ ఒక పట్టాన నమ్మేది కాదు. వాసన చూడందే పాలు పొయ్యి మీద పెట్టేది కాదు. ఆటో ఎక్కితే ఏ దారిన వెళ్తాడో ముందే చెప్పించుకునేది. మావయ్య పోయాక వన్ టౌన్‌లో ఆయన టోకు మిరపకాయల కొట్టు తనే నడిపింది. బస్తా పైన మంచి కాయ చూపిస్తే, చెయ్యి అడుగుదాకా పెట్టి ఇంకో గుప్పెడు తీసేది. ఎవరైనా కబురు తెస్తే ఒకటే మాట: "నీకెవులు సెప్పేరు? ఎదురుగా సెప్పేరా?" మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్లం. ఆ అనుమానమే ఒకసారి నా సంసారాన్ని నిలబెట్టింది.

గర్భాశయ ముఖద్వారంలో కేన్సర్‌కి ముందు వచ్చే మార్పులున్నాయని నాకు గర్భసంచి తీసేశారు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వచ్చి యోని పైభాగం నుంచి నమూనా ఇచ్చి వెళ్లమన్నారు. ఒకసారి ఆ ఫలితం తేడాగా వచ్చింది. కణాల్లో మార్పు ఉందని, వైరస్ కూడా కనబడిందని, వచ్చి డాక్టర్ని కలవమని ఆసుపత్రి నుంచి ఫోన్. ఆ వైరస్ ఎలా వస్తుందని అడిగాను. ఫోన్‌లో అమ్మాయి కాస్త నసిగి, "కలయిక వల్ల మేడమ్," అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఒక్క మాటతో నా ఇల్లు నాకే కొత్తగా కనబడింది. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల్లో చేస్తాడు. అంతవరకు షిఫ్టంటే షిఫ్టే. ఇక అప్పట్నుంచి ఇంటికి ఆలస్యమైతే ఎక్కడ ఆగాడో, ట్రైనింగ్‌కని వేరే ఊళ్లకి వెళ్లినప్పుడు ఎవరితో ఉన్నాడో అని ఒకటే ఆలోచన. ఆయన స్నానానికి వెళ్తే ఫోన్ తీసేదాన్ని. ఉతికే ముందు చొక్కాలు వాసన చూసేదాన్ని. ఆయనా మారాడు. ఫలితం సంగతి, ఆ వైరస్ ఎలా వస్తుందన్నారో చెబితే "సరే" అన్నాడు, అంతే. నేను ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడుతుంటే టీవీ సౌండు తగ్గించేవాడు.

అలాంటి రోజుల్లో అత్త ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి వచ్చింది. తలుపు తీసే ఉంది. నేను పెరటి వసారాలో చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏటే, అల్లుడు సెంటు కొన్నాడా?"

నవ్వబోయి ఏడ్చేశాను. అంతా చెప్పాను. అత్త ఓదార్చలేదు.

"కేన్సరన్నారా?"

"లేదత్తా. మార్పన్నారు."

"మార్పంటే ఏటి?"

"తెలీదు."

"ఫోన్లో సగం మాట ఇని ఆడికి శిక్ష ఏసేసేవు. పద. ఆ డాక్టర్ని ఎదురుగా అడుగుదాం."

డాక్టరమ్మ వయసులో చిన్నది. అత్త కుర్చీ చివర కూర్చుని మొదలుపెట్టింది. "గర్బసంచే తీసేసినాక ఈ మార్పు ఎక్కడ్నుంచి వొచ్చిందమ్మా? నమూనాలు మారిపోనేదు గదా?"

డాక్టరమ్మ పేరు, నంబరు మళ్లీ సరిచూసి చూపించింది. గర్భసంచి పోయినా యోని గోడ ఉంటుందని, అదే వైరస్ అక్కడి కణాల్నీ మార్చగలదని చెప్పింది. ఇది కేన్సర్ అని అర్థం కాదు. భూతద్దంలాంటి పరికరంతో చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే తెలుస్తుంది. తేలికపాటి మార్పయితే కనిపెట్టుకుని ఉంటే చాలు, ఎక్కువైతే వైద్యం చేయాలి.

అసలు ప్రశ్న నా నోట రాలేదు. అత్తే అడిగింది. "ఈ వైరసు ఎవులు తెచ్చేరో మీ పరీక్ష సెప్తాదా?"

"చెప్పదమ్మా. పెళ్లయిన కొత్తలోదైనా కావచ్చు, అంతకు ముందుదైనా కావచ్చు. ఏళ్ల తరబడి బయటపడకుండా ఉంటుంది. ఎవరి నుంచి, ఎప్పుడు అన్నది ఎవరూ చెప్పలేరు."

"మీకూ తెలీదా?"

"నాకూ తెలీదు."

ఆ మాటకి అత్త మొహంలో మొదటిసారి నమ్మకం కనబడింది. బయటికొచ్చాక అంది: "తెలీదని ఒప్పుకుంది సూడు, ఆవిడ మాట ఇనొచ్చు." తర్వాత గొంతు తగ్గించింది. "మీ మావ మీద నాకూ ఓ అనుమానం ఉండేదే. అడగనేదు. ఆయన ఎల్లిపోయేడు, అది నా కాడే ఉండిపోయింది. నువ్వు మాత్రం ఆడ్ని అడిగెయ్యి."

ఆ సాయంత్రం అడిగాను. మా ఆయన టీవీ కట్టేశాడు.

"అదే మాట నేను నిన్ను అడగాలనుకున్నాను," అన్నాడు. "అడిగితే ఏం చెప్తావో అని భయమేసింది."

అలాంటిదేమీ లేదని ఆయన చెప్పాడు. నేనూ చెప్పాను. పూర్తిగా నమ్మానా? ఆ రోజు నమ్మలేదు. కానీ చొక్కాలు వాసన చూడటం మానేశాను. ముక్క తీసే రోజు ఆయన సెలవు పెట్టి వచ్చి బయట కూర్చున్నాడు.

తేలికపాటి మార్పేనని తేలింది. ఇప్పుడు మందేమీ వద్దు, చెప్పిన గడువుకి మళ్లీ రండి అన్నారు. "మందివ్వకుండా పంపేత్తే ఏటి వైద్యం?" అని అత్త ఒప్పుకోలేదు. ఆ ముక్కని పెట్టి పరీక్షించిన గాజుపలకల్ని వేరే ఆసుపత్రిలో చూపించేదాకా ఊరుకోలేదు. అక్కడా అదే మాట చెప్పారు. అప్పుడు ఒప్పుకుంది. కానీ నా మీద నిఘా మొదలుపెట్టింది. గడువు దగ్గరపడితే ఫోన్ చేసి "ఎల్తన్నావా?" అని అడిగేది. వెళ్తున్నానంటే నమ్మకుండా తనే వచ్చేది. తర్వాతి పరీక్షలో మార్పు అలాగే ఉంది. ఆ పై పరీక్షలో లేదు.

మార్పు లేదని విన్న రోజు అత్తా నేనూ బీచ్ రోడ్డుకి వెళ్లాం. దూరంగా సముద్రం మీద ఓ పెద్ద ఓడ ఉంది. పోర్టులో చోటు కోసం ఆగి ఉంటుందన్నాను.

"ఆగిందంతావా? కదుల్తంది సూడు."

ఆగే ఉందన్నాను. అత్త పిట్టగోడ దగ్గర ఓ దీపస్తంభాన్ని గురుతు పెట్టుకుని, ఓడ దాన్ని దాటి జరుగుతుందేమోనని కదలకుండా నిలబడి, ఒక కన్ను మూసి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, గాలికి చీరకొంగు ఎగురుతున్నా పట్టించుకోకుండా ఆ ఓడనే చూస్తూ ఉండిపోయింది.