రిజిస్టర్‌లోని నేటివ్ ప్లేస్

మనవాళ్ళకి ఒక జబ్బుంది. ఎవరు కనిపించినా ముందు ఊరు అడుగుతాం. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే యూదు ముసలావిడ టీకి పిలిస్తే వెళ్ళి, "మీ నేటివ్ ప్లేస్ ఏదండీ?" అని ఇంగ్లిషులో అడిగేశాను.

"మా తాత బతికిన ఊరా, రిజిస్టర్‌లో రాసిన ఊరా?" అందావిడ.

ఆవిడ తాత రష్యాలో, పీటర్స్‌బర్గ్‌లో దర్జీ. జారు ప్రభుత్వం యూదులకి పడమటి జిల్లాలు కేటాయించింది. అవి దాటి కాపురం ఉండకూడదు. చేతిపని వచ్చినవాళ్ళకి మినహాయింపు, అదీ ఆ పని చేస్తున్నంత కాలమే. పెద్దాయనకి చూపు పోతూ వచ్చింది. కూతురు కుట్టేది, ఆయన మిషన్ ముందు కూర్చునేవాడు. తనిఖీకొచ్చిన పోలీసు ఒకరోజు సూదిలో దారం ఎక్కించమన్నాడు. ఆయన వల్ల కాలేదు. రూలు తనది కాదని పోలీసు నొచ్చుకున్నాడట. తండ్రి పేరున సర్కారు రిజిస్టర్‌లో పడి ఉన్న ఊరికి, ఆయన ఎన్నడూ చూడని ఊరికి, పంపేశారు. ఆ చలికాలమే అక్కడ పోయాడు.

టీ కప్పు పక్కన పెట్టేశాను. మావారిది హెచ్‌వన్ వీసా, అదీ ఉద్యోగం ఉన్నంత కాలమే. అంతకు ముందు వారమే ఉద్యోగం పోయింది. తీసేస్తున్నామని చెప్పిన ఆఫీసావిడ కూడా పాపం, సారీ అనే చెప్పింది. తిట్టినవాళ్ళని తిరిగి తిట్టొచ్చు, సారీ చెప్పినవాళ్ళని ఏం చేస్తాం? నాకు ఒళ్ళు మండిపోయింది. డెట్రాయిట్ అంతా లేఆఫ్‌లే. వీసా స్పాన్సర్ చేసే ఇంకో కంపెనీ దొరకలేదు. గ్రీన్ కార్డ్ క్యూ ఉన్నచోటే ఉంది. అమ్మాయి టెన్త్ గ్రేడ్. కనీసం ఆ ఏడాది పూర్తయ్యేదాకా ఉండనివ్వమని అడుగుదామంటే, ఎవరిని అడగాలో తెలియలేదు.

ముసలావిడ కథ చెబితే మావారు విసుక్కున్నారు. "వాళ్ళతో మనకి పోలికేంటి? మనల్ని ఎవరన్నా కొట్టారా, ఇల్లు తగలబెట్టారా?"

నిజమే. అల్లరిమూకలు యూదుల ఇళ్ళ మీద పడితే ఆ సర్కారు చాలాచోట్ల చూస్తూ ఊరుకుందట. మాకు పోవడానికి ఒక దేశముంది. ఆ మాటే పట్టుకుని సామాను సర్దాను.

బయల్దేరే రోజు ఆవిడ చేతికర్ర పట్టుకుని మంచులో కారుదాకా వచ్చింది.

"అక్కడ మీకు తెలిసినవాళ్ళు ఉన్నారు కదా?" అని అడిగింది.

"బోలెడుమంది," అన్నాను. ఆ ఒక్క జవాబూ ధైర్యంగా చెప్పగలిగాను.

రెండేళ్ళప్పుడు ఈ దేశం వచ్చిన మా అమ్మాయి కారు డోర్ పట్టుకుని నిలబడి ఉంది.

"నాకు లేరు, అమ్మా," అంది.